కార్చిచ్చు పొగ కమ్మినప్పుడు ముందు ఒక్క గదిని కాపాడుకోండి

అడవి ఎక్కడో తగలబడుతుంది, పొగ మన పడగ్గదిలోకి వస్తుంది. దూరంగా ఉన్నాం కదా అని ధీమాగా ఉండటానికి లేదు. 2023 జూన్ మొదటి వారంలో కెనడా అడవులు తగలబడితే, వందల కిలోమీటర్ల అవతల న్యూయార్క్‌లో పట్టపగలు ఆకాశం నారింజ రంగుకి తిరిగింది. మంట మన దాకా రాకపోవచ్చు, పొగకి ఆ పట్టింపు లేదు.

ఇలాంటప్పుడు చాలామంది చేసేది ఒకటే: కిటికీలన్నీ ధడాధడా మూసేసి హమ్మయ్య అనుకుని కూర్చోవడం. నేనూ మొదటిసారి అదే చేశాను, పైగా అతితెలివికి పోయాను. లోపల కొంచెం వాసన తగులుతోంది కదా, బయటికి తోసేద్దామని వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను, బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాను రెండూ వేశాను. గంట తిరిగేసరికి వాసన తగ్గకపోగా గొంతులో గరగర మొదలైంది. ఎందుకో అర్థం కాక వీధి తలుపు దగ్గర నిలబడితే పాదాలకి సన్నగా గాలి తగిలింది. ఒక టిష్యూ పేపర్ని వేలెడు వెడల్పున చింపి తలుపు కింద సందు దగ్గర పట్టుకుంటే, అది గాలిపటం తోకలా లోపలివైపుకి ఎగిరింది. ఫ్యాన్లు ఆపాను, కాగితం మెల్లగా వాలిపోయింది. మళ్లీ వేశాను, మళ్లీ లేచింది. ఫ్యాన్లు ఎంత గాలిని బయటికి తోస్తే అంత గాలీ ఇంటికున్న ప్రతి సందులోంచీ లోపలికి రావాల్సిందే, ఆ వచ్చేది పొగ. పొగని నేనే పిలిచి కూర్చోబెట్టానన్నమాట.

ఆ కాగితం ముక్క నేర్పిన దాని చుట్టూనే ఈ గైడ్ మొత్తం తిరుగుతుంది. ఏ ఇల్లూ డబ్బా కాదు. కిటికీ రెక్కల అంచులు, తలుపు కింద ఖాళీ, పైపులు గోడలోకి వెళ్లే చోటు, స్విచ్ బోర్డు వెనక కన్నం, ఇలా ఎక్కడో అక్కడ గాలి వస్తూ పోతూనే ఉంటుంది, అన్నీ మూసినా కొన్ని గంటల్లో లోపలి గాలంతా మారిపోతుంది. కాబట్టి ఇల్లంతా కాపాడాలని తాపత్రయపడితే ఏ గదీ సరిగ్గా దక్కదు. ఒక్క గదిని ఎంచుకోండి, దాన్ని గట్టిగా పట్టుకోండి. ఓపిక ఉంటే, ఇంకో ఫిల్టర్ ఉంటే, అప్పుడు రెండో గది సంగతి.

ముక్కుని నమ్మకండి

పొగలో మనల్ని ఎక్కువగా దెబ్బతీసేది పీఎం 2.5 అనే సన్నటి రేణువులు. రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది, అంటే వెంట్రుక అడ్డంగా ఇవి ముప్పై దాకా వరసగా పడతాయి, కార్చిచ్చు పొగలో చాలా రేణువులు అంతకన్నా కూడా చిన్నవే. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తేమ వీటిని ఆపలేవు. ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్తాయి, కొన్ని రక్తంలోకీ చేరతాయి. అందుకే పొగ రోజుల్లో ఆయాసం, దగ్గుతో పాటు గుండె జబ్బున్నవాళ్లకి గుండె ఇబ్బందులు కూడా పెరుగుతాయి.

వాసనకి ముక్కు పావుగంటలో అలవాటు పడిపోతుంది. "ఇప్పుడు తగ్గినట్టుంది" అని మనకి అనిపించేది చాలాసార్లు గాలి బాగుపడి కాదు, మన ముక్కు మొద్దుబారి. పైగా వాసన వాయువులది, రేణువులకి వేరే లెక్క. వాసన లేకుండా రేణువులు ఉండొచ్చు, రేణువులు దాదాపు పోయినా వాసన మిగలొచ్చు.

అందుకని అంకె చూడటం నేర్చుకోండి. మీకు దగ్గర్లోని గాలి నాణ్యత కేంద్రం చూపించే రీడింగ్ ఫోన్లో దొరుకుతుంది. గాలి నాణ్యతని ఒక్క అంకెలో చెప్పే ఏక్యూఐ లెక్క దేశానికో రకంగా ఉంటుంది, ఒక దేశంలో 150 అంటే ఉన్న అర్థం ఇంకో దేశంలో ఉండదు, కాబట్టి వీలైతే కింద చిన్నగా రాసి ఉండే పీఎం 2.5 మైక్రోగ్రాముల అంకె చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం 24 గంటల సగటు ఘనపు మీటరుకి 15 మైక్రోగ్రాములు దాటకూడదు. పొగ బాగా కమ్మిన రోజున బయట ఇది వందల్లోకి వెళ్తుంది.

అరచేతిలో పట్టే చిన్న పీఎం 2.5 మీటర్ ఒకటి ఇంట్లో ఉంటే నా దృష్టిలో అది గాలిని వడగట్టే ప్యూరిఫయర్ తర్వాత రెండో మంచి కొనుగోలు. ఇవి లేజర్ కాంతి రేణువుల మీద పడి చెదిరే తీరుని బట్టి లెక్క కడతాయి, పొగలో కొంచెం ఎక్కువ చూపించే అలవాటు చాలావాటికి ఉంది. పర్వాలేదు. మనకి కావాల్సింది పైసాతో సహా లెక్క కాదు, తలుపు కింద గుడ్డ పెట్టాక అంకె పడిందా, ఎవరో తలుపు తీసి వెళ్లాక ఎంత లేచింది, రాత్రి మూడింటికి ఎలా ఉంది అనే తేడా మాత్రమే.

ఏ గది?

అందరూ రాత్రి పడుకోగలిగిన గది. ఎనిమిది గంటలు అక్కడే ఊపిరి పీలుస్తాం కాబట్టి పడగ్గదిని మించింది లేదు. కిటికీలు తక్కువ ఉండాలి, వీధి తలుపు నేరుగా దాంట్లోకి తెరుచుకోకూడదు, వంటింటికి ఆనుకుని ఉండకపోతే మంచిది. లోపలే బాత్రూమ్ ఉంటే ఇంకా నయం, తలుపు పదేపదే తీసే పని తప్పుతుంది. గది మరీ పెద్దదైతే ఫిల్టర్ సరిపోదు, మరీ చిన్నదైతే నలుగురు మనుషుల వేడికి ఉక్కపోసి ఎవరో ఒకరు కిటికీ తెరుస్తారు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఆ "ఎవరో ఒకరు" ఎవరో చెప్పక్కర్లేదు.

గది తేల్చుకున్నాక టిష్యూ పరీక్ష చేయండి. వేలెడు వెడల్పు కాగితం ముక్కని కిటికీ అంచుల వెంట, తలుపు చుట్టూ, ఏసీ బిగించిన చోట నెమ్మదిగా తిప్పండి. ఎక్కడ వణికితే అక్కడ గాలి వస్తున్నట్టు. కిటికీ అంచులకి మాస్కింగ్ టేప్ వేయండి, తర్వాత పెయింట్ ఊడకుండా వస్తుంది. ప్యాకింగ్ టేప్ వేస్తే పొగ పోయాక గోడ కూడా కొంత పోతుంది. తలుపు కింద ఒక పాత తువ్వాలుని పొడవుగా చుట్టి పెట్టండి. దాన్ని తడపాలని చాలామంది చెబుతారు, తడిపితే బరువుగా నేలకి అతుక్కుని సందు బాగా మూసుకుంటుంది, అంతకుమించి మహత్తేం లేదు, పొడిది దట్టంగా పెట్టినా పని అవుతుంది. గదిలోని బాత్రూమ్‌కి ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించిన కన్నం ఉంటే ఫ్యాను ఆపినంత మాత్రాన కన్నం మూసుకోదు, దాని మీద ఒక అట్టముక్క టేపుతో అతికించండి. పొగ పోయాక తీయడం మర్చిపోతారు కాబట్టి మీద తారీఖు రాయండి. నేను రెండు నెలలు మర్చిపోయాను.

రెండు జాగ్రత్తలు మాత్రం ఇక్కడే చెప్పాలి. బయటికి వెళ్లే దారిని టేపుతో బిగించేయకండి, మంట దగ్గరికొస్తోందని చెబితే క్షణాల్లో బయటపడాలి. అధికారులు ఖాళీ చేయమన్నాక ఈ గది, ఈ ఫిల్టర్ అన్నీ పక్కన పెట్టి వెళ్లిపోవడమే. రెండోది, మూసిన ఇంట్లో బొగ్గుల కుంపటి, గ్యాస్ హీటర్, జనరేటర్ లాంటివి వెలిగించడం ప్రాణాంతకం. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, సన్నటి రేణువుల్ని పట్టే హెపా ఫిల్టర్ ఏదీ దాన్ని ఆపలేదు. కరెంటు పోయిందని జనరేటర్ని వరండాలో పెట్టడం కూడా వద్దు, తలుపులకీ కిటికీలకీ దూరంగా ఆరుబయటే ఉండాలి.

ప్యూరిఫయర్ ఎంత పెద్దది కావాలి

దుకాణంలో చూపించే లైట్లు, యాప్‌లు, నీలి కాంతి వీటన్నిటినీ వదిలేయండి. అడగాల్సింది రెండే ప్రశ్నలు: లోపల నిజమైన హెపా ఫిల్టర్ ఉందా, పొగకి సీఏడీఆర్ ఎంత?

హెపా ప్రమాణం ప్రకారం 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని ఆ ఫిల్టర్ పట్టుకోవాలి. పట్టుకోవడానికి అన్నిటికన్నా కష్టమైన సైజు సుమారుగా అదే కాబట్టి ఆ అంకెని ఎంచుకున్నారు, అంతకన్నా చిన్నవి తప్పించుకుంటాయని భయపడకండి, అవి అటూఇటూ దూకుతూ ఫిల్టర్ దారాలకి ఇంకా తేలిగ్గా తగులుకుంటాయి. "హెపా రకం", "హెపా లాంటిది" అని రాసి ఉంటే అనుమానించండి.

సీఏడీఆర్ అంటే ఆ యంత్రం నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల శుభ్రమైన గాలిని ఇస్తుందో ఆ లెక్క. కొన్ని కంపెనీలు గంటకి ఘనపు మీటర్లలో రాస్తాయి, దాన్ని 1.7తో భాగిస్తే మనకి కావాల్సిన అంకె వస్తుంది. మామూలు రోజులకి గది విస్తీర్ణంలో మూడింట రెండు వంతుల సీఏడీఆర్ చాలంటారు, కార్చిచ్చు పొగకి మాత్రం విస్తీర్ణం ఎన్ని చదరపు అడుగులో సీఏడీఆర్ కనీసం అంత ఉండాలి. పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు గది తీసుకోండి: 144 చదరపు అడుగులు, కాబట్టి 144 సీఏడీఆర్. పైకప్పు పదడుగుల ఎత్తులో ఉంటే గదిలో 1440 ఘనపుటడుగుల గాలి, నిమిషానికి 144 చొప్పున శుభ్రమైతే గంటకి ఆరు సార్లు గదంతా తిరిగినట్టు. సందుల్లోంచి గంటకోసారి గది నిండా బయటి గాలి వచ్చేంత లీకేజీ ఉన్నా, లోపలి పొగ బయటిదాంట్లో సుమారు ఏడో వంతుకి పడిపోతుంది. బయట 280 ఉంటే లోపల 40 దగ్గర. సందులు మూసి లీకేజీని సగానికి తగ్గిస్తే ఇంకా సగం అవుతుంది, ఖర్చు ఒక టేపు చుట్ట. అందుకే టేపు ముందు, యంత్రం తర్వాత అని నేను అందరితో పోట్లాడుతుంటాను.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు: ఆ సీఏడీఆర్ అంకె యంత్రం ఫుల్ స్పీడులో ఉన్నప్పటిది. చప్పుడుకి నిద్ర పట్టదని స్లీప్ మోడ్‌లో పెడితే గాలి చాలా తగ్గిపోతుంది. దీనికి మందు, అవసరానికి మించిన పెద్ద యంత్రం కొని మధ్య స్పీడులో నడపడం. ఆటో మోడ్ కూడా పొగ రోజుల్లో నాకు నమ్మకం లేదు, గాలి కాస్త బాగుపడగానే అది నెమ్మదించి, మళ్లీ పొగ పెరిగేదాకా ఎదురుచూస్తుంది. పడుకునే ముందు ఓ గంట తలుపు మూసి ఫుల్ స్పీడులో నడిపి, మనం వెళ్లాక ఒక మెట్టు తగ్గించి రాత్రంతా వదిలేయండి.

గోడకి ఆనించి, పరదా వెనక దాచి పెట్టకండి, గాలి పీల్చే వైపు కనీసం మూరెడు ఖాళీ ఉండాలి. లోపలి ఫిల్టర్ ప్లాస్టిక్ కవరు తీశారో లేదో కూడా ఓసారి చూడండి. నవ్వకండి, కొత్త యంత్రాన్ని కవరుతోనే నెలల తరబడి నడిపినవాళ్లు నాకు తెలుసు.

హెపా రేణువులని పట్టుకుంటుంది గానీ వాయువులని పట్టుకోదు. పొగవాసన తగ్గాలంటే యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, అదీ గుప్పెళ్ల కొద్దీ బరువుగా ఉండాలి, పలచటి నల్ల పరద ఒకటి తగిలించి కార్బన్ అంటే అది రెండు మూడు రోజుల్లో చేతులెత్తేస్తుంది. ఓజోన్ వదిలే యంత్రాల జోలికి మాత్రం అసలు వెళ్లకండి. "తాజాదనం" పేరుతో అమ్ముతారు, ఓజోన్ ఊపిరితిత్తులని స్వయంగా మండిస్తుంది, అసలే పొగతో మండుతున్నవాటికి అదొకటి.

ప్యూరిఫయర్ దొరక్కపోతే

పొగ వచ్చాక దుకాణాలకి పరిగెడితే అరలన్నీ ఖాళీగా ఉంటాయి, అది ఎక్కడైనా ఇంతే. అప్పుడు పనికొచ్చేది చతురస్రంగా ఉండే బాక్స్ ఫ్యాను, దానికి సరిపడే మెర్వ్ 13 రకం ఫిల్టర్లు. మెర్వ్ అంటే ఫిల్టర్ రేణువుల్ని ఎంత బాగా పట్టుకుంటుందో చెప్పే కొలత. 2020లో రిచర్డ్ కోర్సీ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసర్, ఫిల్టర్ల కంపెనీ నడిపే జిమ్ రోసెంతాల్ కలిసి రూపం ఇచ్చిన డబ్బా ఇది, కోర్సీ రోసెంతాల్ బాక్స్ అంటారు. కరోనా రోజుల్లో తరగతి గదుల్లో బాగా వాడారు, పొగకీ అంతే చక్కగా పనిచేస్తుంది.

ఇరవై అంగుళాల ఫ్యాను, ఇరవై ఇరవై అంగుళాల ఫిల్టర్లు నాలుగు. నాలుగు ఫిల్టర్లనీ నాలుగు గోడల్లా నిలబెట్టి మూలలకి డక్ట్ టేప్ వేయండి. ప్రతి ఫిల్టర్ అట్ట అంచు మీద ఒక బాణం గుర్తు ఉంటుంది, నాలుగు బాణాలూ డబ్బా లోపలికే చూడాలి. నేను కట్టినప్పుడు మూడు సరిగ్గా పెట్టి నాలుగోది తిరగేశాను, టేపంతా చుట్టాక కనిపించింది, విప్పితే అట్ట చిరిగింది. కాబట్టి టేపు ముట్టుకునే ముందే నాలుగు బాణాల మీదా వేలు పెట్టి చూసుకోండి. అడుగున ఫ్యాను వచ్చిన అట్టపెట్టె ముక్కనే కోసి బిగించండి. పైన ఫ్యానుని పడుకోబెట్టండి, గాలి ఆకాశంవైపు పోయేలా. ఇప్పుడు ఫ్యాను డబ్బాలోంచి గాలి లాగి పైకి వదులుతుంది, గదిలోని గాలి నాలుగు ఫిల్టర్లలోంచి డబ్బా లోపలికి రావాల్సిందే. చివరగా అట్టలో సుమారు పదిహేను అంగుళాల గుండ్రటి రంధ్రం కోసి ఫ్యాను ముఖం మీద అతికించండి. ఫ్యాను మూలల్లో రెక్కలు తిరగని చోటనుంచి గాలి వెనక్కి జారిపోతుంటుంది, ఈ అట్ట దాన్ని ఆపుతుంది. చిన్న పనే, తేడా బాగా కనిపిస్తుంది.

మెర్వ్ 13 ఒక్కసారికే హెపా అంతగా పట్టుకోదు, 0.3 నుంచి 1 మైక్రాన్ మధ్య రేణువుల్లో కనీసం సగం పట్టుకోవాలని దాని లెక్క. కానీ నాలుగు ఫిల్టర్ల వెడల్పు ఉండటంతో గాలి ధారాళంగా పోతుంది, అదే గాలి గంటలో ఎన్నోసార్లు తిరుగుతుంది, చివరికి మంచి ప్యూరిఫయర్‌తో పోటీ పడుతుంది. నాలుగు దొరక్కపోతే ఒక్క ఫిల్టర్ని ఫ్యాను వెనకవైపు, అంటే గాలి పీల్చే వైపు, చుట్టూ సందు లేకుండా టేపుతో బిగించినా కొంత మేలే, అయితే మోటారు మీద భారం పడుతుంది కాబట్టి కాసేపటికోసారి చేత్తో తాకి చూడండి. పాతబడి తీగ అతుకులేసిన ఫ్యానుతో ఈ ప్రయోగం వద్దు, ఎవరూ లేని ఇంట్లో నడుస్తూ వదిలి వెళ్లొద్దు.

నాలుగు రోజుల పొగ తర్వాత ఫిల్టర్ని వెలుతురులో పట్టుకుని చూడండి. తెల్లగా ఉన్నది బయటివైపు మడతల మీద బూడిద కలిసిన గోధుమరంగుకి తిరిగి ఉంటుంది, మడత లోపలి గాడిలో ఇంకా నల్లగా. వేలితో రాస్తే వేలికి పెద్దగా అంటదు, అంత సన్నటి మసి. అదంతా మన ఊపిరితిత్తుల్లోకి పోవాల్సిన సరుకు. ఆ రంగుకి తిరిగాక, లేదా గాలి వేగం తగ్గినట్టు తెలిశాక మార్చేయండి. హెపా ఫిల్టర్ని నీళ్లతో కడగొద్దు, దులపొద్దు.

ఏసీ సంగతి

స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది, బయటి గాలి తీసుకోదు. కాబట్టి నిశ్చింతగా వేసుకోవచ్చు. కానీ దాంట్లో ఉండే జాలీ దుమ్ముకే, పొగ రేణువులకి అది వల లేని గోల్‌పోస్టు. ఏసీ చల్లబరుస్తుంది, శుభ్రం చేసే పని ప్యూరిఫయర్‌దే. కిటికీ ఏసీకి కొన్నిటిలో బయటి గాలి తీసుకునే చిన్న మీట ఉంటుంది, దాన్ని మూసి పెట్టండి, ఏసీ చుట్టూ ఉన్న సందుల్ని కుక్కండి. చక్రాల మీద తిరుగుతూ ఒక్క గొట్టం కిటికీలోంచి బయటికి పెట్టే పోర్టబుల్ ఏసీలు ఉన్నాయే, అవి అచ్చం నా ఎగ్జాస్ట్ ఫ్యాన్ల కథే: గదిలోని గాలిని గొట్టంలోంచి బయటికి తోస్తాయి, ఆ మేరకు సందుల్లోంచి పొగ లోపలికి వస్తుంది. ఎయిర్ కూలర్ ఇంకా ఘోరం. బయటి గాలిని గంటల తరబడి లోపలికి తోయడమే దాని ఉద్యోగం, తడి గడ్డి పొగని వడగట్టదు.

ఇల్లంతటికీ ఒకే సెంట్రల్ ఏసీ ఉన్నవాళ్లు బయటి గాలి తీసుకునే ద్వారం మూసి, లోపలి గాలే తిరిగేలా పెట్టి, యంత్రం తట్టుకుంటుందంటే మెర్వ్ 13 ఫిల్టర్ వేసి, ఫ్యానుని ఆటోలో కాకుండా ఎప్పుడూ తిరిగేలా ఉంచండి. గాలి తిరిగితేనే ఫిల్టర్‌కి పని. బట్టలు ఆరబెట్టే యంత్రం గొట్టం బయటికి పెట్టి ఉంటే దానికీ ఆ రోజులకి సెలవు.

మరి ఏసీ లేదు, ఎండ మండిపోతోంది, కిటికీలు మూస్తే ఉడికిపోతున్నాం, ఏం చేయాలి? ఇది నిజంగా కష్టమైన ప్రశ్న, దీనికి అందమైన జవాబు లేదు. వడదెబ్బ గంటల్లో మనిషిని పడగొడుతుంది, ముసలివాళ్లనీ పసిపిల్లలనీ ఇంకా తొందరగా. గది భరించలేనంత వేడెక్కితే అక్కడే బిగుసుకుని కూర్చోకండి, చల్లగా, గాలి శుభ్రంగా ఉన్న ఏ పెద్ద భవనానికైనా, తెలిసినవాళ్లింటికైనా కొన్ని గంటలు వెళ్లండి. లేదంటే పొగ ఒకే రకంగా ఉండదు, రోజులో ఎప్పుడో అంకె కాస్త పడుతుంది, ఆ వేళ చూసుకుని కిటికీలన్నీ బార్లా తెరిచి ఇంటి వేడిని వదిలించుకుని మళ్లీ మూసేయండి. ఎండ తగిలే కిటికీలకి పొద్దున్నే లోపల్నుంచి దుప్పటి కట్టినా కొంత నయం. సీలింగ్ ఫ్యాను హాయిగా వేసుకోండి, అది ఉన్న గాలినే తిప్పుతుంది.

లోపలి పొగ

బయటి పొగకి ఇంత హడావిడి చేసి, లోపల మనమే పొగ పెడితే ఏం లాభం. సిగరెట్, అగరుబత్తి, కొవ్వొత్తి, దోమల కాయిల్ అన్నీ బంద్. అన్నిటికన్నా పెద్ద దొంగ పొయ్యి. మూసిన ఇంట్లో పెనం మీద నూనె కాగి పొగలొస్తే లోపలి మీటర్ నిమిషాల్లో బయటి అంకెని దాటేయడం నేను కళ్లారా చూశాను. పొగ రోజుల్లో ఉడకబెట్టిన వంటతో సరిపెట్టండి, మూతపెట్టి వండండి, వీలైతే కరెంటు పొయ్యి మీద. వంటింటి తలుపు మూసి వండండి. తప్పనిసరై ఎగ్జాస్ట్ వేయాల్సొస్తే వంట అయ్యేదాకా వేసి వెంటనే ఆపండి.

చీపురుతో ఊడ్చకండి, కిందపడిన మసి మళ్లీ గాల్లోకి లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి. వాక్యూమ్ క్లీనర్‌కి హెపా ఫిల్టర్ లేకపోతే అది ముందు నుంచి పీల్చి వెనక నుంచి ఊదుతుంది, దాన్నీ పక్కన పెట్టండి. రూమ్ స్ప్రేలతో వాసన కప్పిపుచ్చడం వద్దు.

కిటికీకి తడి దుప్పటి వేలాడదీయడం, గదిలో కుండీలు పెట్టడం, ఆవిరి పట్టడం, బెల్లం తినడం లాంటివి పొగ రాగానే ఫోన్లో తిరుగుతాయి. తడి గుడ్డ ఇంత సన్నటి రేణువుని పట్టుకోదు, మొక్కలు పట్టుకునేది లెక్కలోకి రాదు, ఆవిరికి గొంతు కాస్త హాయిగా ఉంటుందేమో గానీ లోపలికి పోయిన రేణువులు బయటికి రావు, ఇక బెల్లం కడుపులోకి పోతుంది, ఊపిరితిత్తుల్లోకి కాదు.

బయటికి వెళ్లాల్సొస్తే

ఎన్ 95, కేఎన్ 95, ఎఫ్ఎఫ్‌పీ 2 రకం మాస్కు, అదీ ముఖానికి చుట్టూ అతుక్కునేలా. ముక్కు మీది తీగని రెండు చేతుల వేళ్లతో నొక్కి, గట్టిగా ఊదండి, కళ్లద్దాల మీద ఆవిరి పట్టినా బుగ్గల పక్క నుంచి గాలి పోయినా సరిగ్గా కూర్చోనట్టే. గడ్డం ఉంటే అతుక్కోదు. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు, మూతికి కట్టుకున్న తడి కర్చీఫు పొగకి పెద్దగా అడ్డం కావు. రెండేళ్లలోపు పిల్లలకి ఏ మాస్కూ పెట్టొద్దు, వాళ్లకి ఆ గదే మాస్కు. కారులో వెళ్తే అద్దాలు ఎత్తి లోపలి గాలి తిరిగే బటన్ నొక్కండి.

ఇంటికి రాగానే బయటి బట్టలు గది బయటే విప్పండి, ముఖం, చేతులు కడుక్కుని, వీలైతే తలస్నానం చేసి లోపలికి వెళ్లండి. జుట్టులో పట్టిన మసి నేరుగా దిండు మీదికి వెళ్తుంది. తలుపు తీసేటప్పుడు లోపలివాళ్లతో కబుర్లాడుతూ గుమ్మంలో నిలబడకండి, దూరి మూసేయండి.

ఉబ్బసం, సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పెద్దవాళ్లు, పిల్లలు మిగతావాళ్లకన్నా ముందే ఆ గదిలోకి చేరాలి. పిల్లలు బరువుతో పోలిస్తే మనకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు, పైగా చెప్పరు, ఆడుతూనే ఉంటారు. ఇన్‌హేలర్లు, మందులు వారానికి సరిపడా గదిలోనే పెట్టుకోండి. కళ్లు మండటం, గొంతు గరగర అందరికీ ఉంటాయి. ఊపిరి తీస్తే పిల్లికూతలు వినిపించినా, ఛాతీ బిగుసుకుపోయినా, నొప్పి వచ్చినా, పెదాలు నీలంగా మారినా, మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా గది గురించి, అంకెల గురించి ఆలోచించకుండా ఆసుపత్రికి బయల్దేరండి. ఇంట్లో పక్షుల పంజరం ఉంటే దాన్నీ ఆ గదిలోకి తెండి, మనకన్నా వాటికే పొగ ముందు తగులుతుంది.

పొగ వెళ్లాక

బయటి అంకె బాగా పడిపోయిందని తెలియగానే టేపు పీకి, ఈసారి మాత్రం కిటికీలు, తలుపులు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు అన్నీ ఒకేసారి తెరిచి వేయండి. ఇంతకాలం మూసి ఉంచిన గదుల్లోని గాలి ఎదురెదురు కిటికీల మధ్య గంటలోపే కొట్టుకుపోతుంది. అయినా రెండో రోజు పొద్దున మళ్లీ వాసనొస్తే కంగారు పడకండి. పొగలోని వాయువులు గోడలకి, పరదాలకి, పరుపుకి పట్టి ఉంటాయి, గాలి శుభ్రమయ్యాక నెమ్మదిగా మళ్లీ బయటికి వదులుతుంటాయి. దీనికి ఫిల్టర్ కన్నా తుడవడమే ఎక్కువ పనిచేస్తుంది. సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో పై నుంచి కిందికి రండి: బీరువా పైభాగం, ఫ్యాను రెక్కలు, తలుపు చట్రం, గోడలు, కిటికీ గట్లు, చివరగా నేల. గుడ్డ నీళ్లు నల్లబడగానే మార్చండి. పరదాలు, దుప్పట్లు, దిండు గలీబులు ఉతికేయండి. ఏసీ జాలీ విప్పి కడగండి. ప్యూరిఫయర్‌కి, కారుకి, ఫ్యాను డబ్బాకి ఫిల్టర్లు మార్చండి, పాతవి తీసేటప్పుడు మాస్కు పెట్టుకుని మెల్లగా కవర్లో దూర్చి మూతి ముడేయండి.

ఆ రోజే, దుకాణాల్లో అరలు మళ్లీ నిండాక, వచ్చేసారికి ఒక సెట్టు ఫిల్టర్లు, ఓ పెట్టె మాస్కులు, రెండు టేపు చుట్టలు కొని బీరువాలో పడేయండి. ఫిల్టర్ల మీద వాటి సైజు పెద్దక్షరాలతో రాయండి, పొగలో దగ్గుతూ చిన్న అక్షరాలు చదవడం మహా చిరాకు.